అడుగువాని ముఖము

నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాల చెల్కనేలలలో వేసవి యనగా భూమికి విశ్రాంతికాలము. రోహిణి కార్తె యెండలకు రోళ్లు పగులుచుండగా నాగళ్లు చూరు క్రిందికి జేరును, చెరువుల యడుగు బయటపడును, పట్నమున జదువుకొను పిల్లలు ఇంటికి వచ్చి వేపచెట్టు నీడను మంచము వేసికొందురు. ఇటీవలి కొన్ని సంవత్సరములుగా ఈ యాచారము కొంత మారినది. డిగ్రీ చదువుచున్న బాలబాలికలలో కొందఱు, పరీక్షలు ముగిసిన మఱునాడే పెట్టె సర్దుకొని హైదరాబాదునకో బెంగుళూరునకో పయనమై, యేదో యొక పరిశోధనశాలలో రెండు మాసములు పనిచేసి వచ్చుచున్నారు. దీనినే ఇంటర్న్‌షిప్ అని పిలుచుచున్నారు. ఆ పని కంప్యూటరు విద్యకో రసాయనశాస్త్రమునకో సంబంధించినదైనచో ఇంటివారు తృప్తిపడి యూరకుందురు. మనోవిజ్ఞాన ప్రయోగశాల యని చెప్పినప్పుడు మాత్రము వారికి సందేహములు బయలుదేరును. “అట్లయితే నా మనసుల ఏమున్నదో చెప్పు బిడ్డా” యని నవ్వుచు నడుగు మేనత్త ప్రతి కుటుంబమునను ఒకతె యుండనే యుండును.

ఆ మేనత్తకు ఇయ్యదగిన సమాధానము మిక్కిలి సామాన్యమైనది. ఆ ప్రయోగశాలలో ఎవరి మనస్సును ఎవరును చదువరు. అచట కొలతలు మాత్రమే తీయుదురు. తెరపై ఒక యక్షరము మెఱసిన తరువాత వ్రేలు మీటను నొక్కుటకు ఎన్ని మిల్లీసెకనులు పట్టినది, పది మాటలు విని, కొంతసేపు వేఱొక పనిలో మునిగి తేలిన పిదప వానిలో నెన్ని జ్ఞప్తియందు మిగిలినవి, ఎఱ్ఱసిరాతో వ్రాసిన ‘పచ్చ’ యను మాటను జూపి సిరా రంగేదియో చెప్పుమన్నప్పుడు నాలుక యెంతసేపు తడబడినది — ఇట్టివే యచటి లెక్కలు. ఈ చివరి పరీక్షను 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ అను అమెరికా పండితుడు ప్రకటించెను. తొంబది యేండ్లు గడచినను ప్రతి ప్రయోగశాలలోను క్రొత్తగా వచ్చిన విద్యార్థిచేత మొట్టమొదట చేయించు ప్రయోగములలో అదియొకటిగా నిలిచియున్నది.

ఈ శాస్త్రమునకు ప్రయోగశాల యనునది యేర్పడి యెంతోకాలము కాలేదు. 1879లో జర్మనీ దేశమందలి లైప్‌జిగ్ నగరమున విల్‌హెల్మ్ వుంట్ స్థాపించిన దానిని మొదటిదిగా నెంచుట వాడుక. మన దేశమున 1916లో కలకత్తా విశ్వవిద్యాలయము, 1924లో మైసూరు విశ్వవిద్యాలయము ఈ శాస్త్రమునకు శాఖను నెలకొల్పినవి. తెలుగునాట 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున కోనేరు రామకృష్ణారావుగారు స్థాపించిన శాఖకు మనోవిజ్ఞానముతోపాటు అతీంద్రియ మనోవిజ్ఞానము కూడ పేరులోనే కలిసియుండెను. ఆయన అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున జె. బి. రైన్ వద్ద ఇతరుల యూహలను ఇంద్రియముల సాయము లేకయే గ్రహింపవచ్చునా యను విషయమును పరిశోధించి వచ్చినవారు. కావున మేనత్త యడిగిన ప్రశ్న బొత్తిగా నవ్వి త్రోసివేయదగినది కాదని, ఒకప్పుడు విశ్వవిద్యాలయములే దానిని గంభీరముగా నడిగినవని యొప్పుకొనక తప్పదు.

ఇక ప్రయోగశాలలో జేరిన విద్యార్థిని దినచర్యను జూతము. అద్భుతములను ఆశించి వచ్చిన బాలికకు మొదటివారమున కలుగునది నిరాశ. ఆమె చేతికి మెదడును ఛాయాచిత్రము దీయు యంత్రము నెవ్వరును అప్పగింపరు. ఒక కాగితము నిత్తురు. ప్రయోగమునకు వచ్చిన వ్యక్తి — వానిని మన పాఠ్యపుస్తకములు ప్రయోజ్యుడనియు, ప్రయోగము జరుపువానిని ప్రయోక్త యనియు వ్యవహరించును — తలుపు తెఱచికొని లోనికి వచ్చినది మొదలుకొని తిరిగి వెళ్లువఱకు ఆమె పలుకవలసిన ప్రతి వాక్యమును ఆ కాగితముపై వ్రాసియుండును. దానికి ఒక మాట చేర్చరాదు, ఒక మాట తీయరాదు. ప్రయోజ్యుడు సరియైన జవాబు చెప్పినప్పుడు “శభాష్” అనరాదు. తప్పు చెప్పినప్పుడు పెదవి విఱువరాదు. వాడు ఆలోచనలో పడి తనవైపు జూచినప్పుడు కనులతోనైనను సాయపడరాదు. పిమ్మట సమ్మతిపత్రము: ఈ ప్రయోగమున నేమి చేయుదురో, ఎంతసేపు పట్టునో, ఇష్టము లేనిచో నడుమనే లేచిపోవు హక్కు తనకు గలదనియు ఆ వ్యక్తికి అర్థమగునట్లు చదివి వినిపించి సంతకము గైకొనవలయును. పేరు వ్రాసిన పత్రము ఒకచోట బీరువాలో నుండును; జవాబులున్న పత్రముపై అంకె మాత్రమే యుండును.

మధ్యాహ్నములు ఎక్సెల్ పట్టికలలో అంకెలు నింపుటతో గడచిపోవును. ఒకే పత్రమును ఇద్దఱు వేర్వేఱుగా ఎక్కించి, రెండింటిని సరిపోల్చి, భేదమున్నచోట మూలపత్రమును దీసి చూతురు. వీడియోలో ఒక శిశువు తల్లిముఖము వైపు ఎన్నిసారులు చూచినదో లెక్కించు పని యైనచో, అదియును ఇద్దఱే చేయుదురు. ఒకరి లెక్క మఱియొకరికి చూపరు. ఊరక గ్రుడ్డిగా గుర్తు పెట్టినను కొన్నిచోట్ల ఇద్దఱి లెక్కలు కలియుట సహజము గనుక, ఆ కాకతాళీయమైన యేకీభావమును తీసివేసి నిజమైన యేకీభావమెంతయో చెప్పు సూత్రమును 1960లో జేకబ్ కోహెన్ ఏర్పఱచెను. సాయంకాలము ఆచార్యుని సమక్షమున ఒక పరిశోధనపత్రమును చదివి చర్చింతురు. మొదటి నెల యంతయు ఇంచుమించు ఇదే. ఈ పనిలో విసుగు పుట్టనివారు లేరు. ఈ విసుగునకు వెఱచి విడిచిపోయినవారికి ఈ శాస్త్రము దక్కదని నా యభిప్రాయము.

ఇంతటి నియమనిష్ఠ యెందులకు? ఒక గుఱ్ఱము కథ దీనికి సమాధానము చెప్పును. ఇరువదవ శతాబ్ది యారంభమున బెర్లిన్ నగరమున ఫాన్ ఓస్టెన్ అను ఉపాధ్యాయుని యింట హాన్స్ అను గుఱ్ఱముండెడిది. కూడికలు, తీసివేతలు, భిన్నములు సైతము అడిగినచో గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పుచు అది దేశమంతట ప్రఖ్యాతి గాంచెను. 1904లో దానిని పరీక్షింప ఒక సంఘమునే నియమించిరి; మోసమేదియు కనబడలేదు. తుదకు ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను యువకుడు ఆ మర్మమును ఛేదించి 1907లో ప్రకటించెను. ప్రశ్నించువానికే జవాబు తెలియనప్పుడు, లేదా ప్రశ్నించువాడు గుఱ్ఱము కంటికి కనబడనప్పుడు, ఆ గుఱ్ఱమునకు లెక్కలు రావు. తట్టుట సరియైన సంఖ్యకు జేరగనే అడుగువాని తల లవలేశము కదలును. ఆ కదలికను జూచి హాన్స్ ఆగిపోవును. తానట్లు కదలుచున్నట్లు అడుగువానికే తెలియదు. అంతటితో తృప్తి నొందక ఫుంగ్‌స్ట్ ప్రయోగశాలలో తానే గుఱ్ఱము వేషము కట్టెను: ఎదుటివారిని ఒక సంఖ్యను తలచుకొనుమని, తాను చేతితో బల్లను తట్టుచు, వారి ముఖములను జూచి ఆ సంఖ్యను పట్టుకొనగలిగెను. మేనత్త కోరిన విద్య ఇదియే కాబోలు!

ఇది యొక గుఱ్ఱమునకే పరిమితమైన వింత యని సరిపెట్టుకొనుటకు వీలులేకుండ, 1963లో రాబర్ట్ రోసెంతాల్, కెర్మిట్ ఫోడ్ అనువారు మఱియొక ప్రయోగము ప్రకటించిరి. పండ్రెండుమంది విద్యార్థులకు ఒక్కొక్కరికి ఐదేసి ఎలుకల నిచ్చి, కొందఱితో ‘ఇవి త్రోవ పట్టుటలో దిట్టలైన జాతివి’ అనియు, తక్కినవారితో ‘ఇవి మందబుద్ధులు’ అనియు చెప్పిరి. నిజమునకు అన్నియు నొకే జాతి యెలుకలు. అయినను దిట్టలని నమ్మినవారి చేతిలోని యెలుకలే మెఱుగుగా నేర్చుకొన్నట్లు లెక్కలు వచ్చినవి. మనస్సును కొలువబోవు విద్యార్థి తానే ఒక తరాజు. ముల్లు సరిచూడక ధాన్యము తూచినచో ఆ తూకమునకు విలువ యెంతయో, తన ముఖమును గొంతును సరిచూచుకొనని వాడు తెచ్చిన కొలతకు విలువ యంతే.

ఈ సత్యమునకు బెర్లిన్ గుఱ్ఱముకంటె గట్టి నిదర్శనము పాలమూరు, అనగా మహబూబ్‌నగరు, పల్లెలలోనే లభించినదని మనలో చాలమందికి తెలియదు. పటాన్‌చెరు వద్ద 1972లో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ, ఇక్రిశాట్, 1975లో దక్కను పీఠభూమిపై ఆఱు గ్రామములను ఎన్నుకొని వానిలోని కుటుంబముల జీవనమును ఎడతెగక పరిశీలించుటకు ఆరంభించినది. నాలుగు గ్రామములు మహారాష్ట్రములోని సోలాపూరు, అకోలా జిల్లాలవి. రెండు మహబూబ్‌నగరు జిల్లావి. ఒకటి ఔరేపల్లె — మాడ్గుల మండలములోనిది, 2016 జిల్లాల పునర్విభజనముతో ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోనికి బోయినది. ఆముదము, జొన్న పండు ఎఱ్ఱచెల్కల యూరు, కల్లు గీయు గౌడ కుటుంబములు దండిగా నున్న యూరు. రెండవది దేవరకద్ర దగ్గఱి డోకూరు, చెరువు క్రింద వరియు, మెట్టను పల్లియు పండించు గ్రామము. ఊరికి నలుబది కుటుంబముల చొప్పున, భూమిగలవారు ముప్పది, కూలి చేసికొనువారు పది, మొత్తము రెండువందల నలుబది కుటుంబములు. వీరి రాకపోకలను, పంటలను, అప్పులను వ్రాసికొనుటకు పట్టభద్రులైన యువకులను నియమించిరి. వారు ఆయా గ్రామములందే కాపురముండి, మూడు నాలుగు వారముల కొకసారి ప్రతి యింటికి బోయి ప్రశ్నించెడివారు. ఇంటర్న్‌షిప్ అను మాట మన పల్లెలకు తెలియకముందే ఆ పని యచట జరిగినదని చెప్పవచ్చును.

ఆ గ్రామములలోనే హాన్స్ బిన్స్‌వాంగర్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు ఒక ప్రశ్నకు జవాబు వెదకెను. పేదరైతు క్రొత్త విత్తనమును, ఎరువును చప్పున చేపట్టడు; అది వాని పిఱికితనమని, నష్టభయము వాని స్వభావములోనే యున్నదని పట్నపు మేధావులు ఆనాడు చెప్పుచుండిరి, ఈనాడును చెప్పుచున్నారు. ఇది నిజమా? మొదట ఆయన అందఱును అనుసరించు మార్గమునే అనుసరించెను: సంభాషణరూపమున ప్రశ్నలడిగించెను. ‘ఒక భూమిలో ఏటేటా ఇంత నిశ్చయముగా వచ్చును, వేఱొక భూమిలో ఒకయేడు మెండుగా వచ్చును, ఒకయేడు ఏమియు రాదు, నీకేది కావలయును?’ అను తీరున. పిదప అదే ప్రజలచేత నిజమైన పైకముతో నాణెపుటాట ఆడించెను.

ఆట యిట్టిది. రైతు ముందు ఎనిమిది మార్గములుంచుదురు. వానిలో నొకటి యెన్నుకొనవలెను. పిమ్మట నాణెము నెగురవేయుదురు. మొదటి మార్గమున బొమ్మ పడినను బొరుసు పడినను అర్ధరూపాయి వచ్చును, చింతలేదు. తరువాతి దానిలో ఒక ప్రక్క పడిన నలుబదియైదు పైసలు, ఇంకొక ప్రక్క పడిన తొంబదియైదు పైసలు. ఇట్లు పోగా పోగా లాభమును పెరుగును, గండమును పెరుగును. చిట్టచివరి మార్గమున ఒక ప్రక్క పడినచో రెండు రూపాయలు, ఇంకొక ప్రక్క పడినచో సున్న. ఎట్లాడినను రైతు తన సంచిలోని పైస పోగొట్టుకొనడు. వచ్చినంత వాని యింటికే. కొన్నాళ్లు అర్ధరూపాయి యాట నాడించి, చేయి తిరిగిన పిదప అంకెలను పదిరెట్లు చేసి ఐదు రూపాయల యాట, మఱియు పదిరెట్లు చేసి ఏబది రూపాయల యాట జరిపిరి. ఈ కడపటి యాటలో పెద్దమొత్తము రెండువందల రూపాయలు. అది యానాడు కూలివాని నెల సంపాదనకు మించినది. ఐదువందల రూపాయల యాటను మాత్రము చేతికి పైకమియ్యక, ‘అట్లయినచో నేమి యెన్నుకొందువు’ అని మాటలతో నడిగిరి.

ఫలితములను బిన్స్‌వాంగర్ 1980లో అమెరికా వ్యవసాయార్థిక పత్రికలో ప్రకటించెను. అర్ధరూపాయి యాటలో ఎవరి దారి వారిదే. కొందఱు సాహసులు, కొందఱు జంకువారు. పైకము పెరిగినకొలది ఆ భేదములు మాసిపోయి, ఇంచుమించు అందఱును నడిమి మార్గములకే చేరుకొనిరి: బొత్తిగా భయపడువారును లేరు, తెగించువారును లేరు. భూస్వామికి కూలికి నడుమ ఈ విషయమున చెప్పుకొనదగిన వ్యత్యాసము కనబడలేదు. ధనము గలవాడు రవంత ధైర్యము చూపినట్లు తోచినను అది గణితపరీక్షకు నిలువలేదు. కావున పేదరైతు క్రొత్త పద్ధతికి వెనుదీయుచున్నాడన్నచో కారణమును వాని గుండెలో గాక, అప్పు పుట్టకపోవుటలోను, ఎరువు అందకపోవుటలోను వెదకవలెనని తేలినది. ఒక్క నాణెముతో ఒక వర్గమునకు అంటగట్టిన నిందను తుడిచివేసిన ప్రయోగము ఇది. దీనికి దక్కవలసినంత ప్రచారము మన జిల్లాలో దక్కలేదు.

మన విద్యార్థినికి దీనిలో ఇంకను ముఖ్యమైన విషయమొకటి కలదు. మాటలతో అడిగి రాబట్టిన జవాబులు, నాణెము చెప్పిన జవాబులతో ఏమాత్రమును పొసగలేదు. అడిగినవాని మొగ్గు జవాబులోనికి జొరబడినదని బిన్స్‌వాంగర్ నిర్మొగమాటముగా వ్రాసెను. ప్రశ్నలడిగిన ఆ యువకులు సోమరులును గారు, అబద్ధములు వ్రాసినవారును గారు. మన పల్లె మర్యాద యెఱిగినవారికి దీనిలో ఆశ్చర్యమేమియు నుండదు. గడపలోనికి వచ్చి కాగితము చేతబట్టిన సారుకు ఏ జవాబు ఇష్టమో దానినే చెప్పుట మనకు సభ్యత. “నీకేది మంచిగనిపిస్తే అది రాసుకో సారూ, మాకేం దెలుస్తది” అను వాక్యమును పాలమూరులో గాని దేవరకొండలో గాని ఒక్కదినము తిరిగినవారెవరైనను వినియే యుందురు. ఆ వాక్యము అజ్ఞానము గాదు. అడుగువాని ముఖమును హాన్స్‌కంటె నిపుణముగా చదివిన తెలివి. చేతిలోనికి నిజమైన పైకము వచ్చి, ఎదుట మనిషికి బదులు నాణెము నిలిచినప్పుడు ఆ మర్యాదతో పనిలేకపోయినది.

ఈ కథకు కొనసాగింపును ఆ జిల్లాలోనే జరిగినది. వాన కురిసిన కొలతను బట్టి పరిహారమిచ్చు బీమాను మన దేశమున తొలిసారిగా అమ్మజూచిన చోట్లలో మహబూబ్‌నగరు ఒకటి. 2003లో బేసిక్స్ అను సూక్ష్మఋణ సంస్థయు ఐసీఐసీఐ లాంబార్డ్ అను బీమా సంస్థయు ఆముదము, పల్లి పండించు రైతులకు దానిని అమ్మినవి. తరువాత జేవియర్ గినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ అను పరిశోధకులు కొన్నవారెవరో కొననివారెవరో పరిశీలించిరి. నష్టభయమును కొలుచుటకు బిన్స్‌వాంగర్ నాణెపుటాట వంటిదే వాడిరి. భయస్థులే ముందు బీమా కొందురని పుస్తకములు చెప్పును. పాలమూరులో భయస్థులే తక్కువగా కొనిరి. కారణము వెదకగా, ఆ రైతులకు బీమాయే ఒక క్రొత్త గండముగా తోచినది: ఎవరో వచ్చి పైసలు తీసికొనిపోవుచున్నారు, వాన రానియేడు వీరు మరల కనబడుదురా? అమ్మవచ్చిన సంస్థతో ముందే పరిచయమున్నవారు కొనుటకు మొగ్గిరి. ఊరివారికి తెలిసిన బేసిక్స్ మనిషి ‘ఇతడు మనవాడే’ అని సిఫారసు చేసినచోట అమ్మకము పెరిగెను; ఆ సంస్థయే తెలియని యూళ్లలో అదే సిఫారసు పనిచేయలేదు. ఇచటను మొగమును జూచియే నిర్ణయము.

ఆ పరిశోధకులే తొలకరి యెప్పుడు వచ్చునని రైతు లూహించుచున్నారో తెలిసికొనగోరిరి. ‘జూన్ మూడవ వారమున వాన వచ్చు సంభావ్యత శాతమెంత?’ అని యడిగినచో మన తాతలు నవ్విపోదురు. కావున వారు కార్తెల పేర గళ్లు గీచిన కాగితమును పఱచి, రైతు చేతికి పది రాళ్లనిచ్చి, ‘ఏ కార్తెలో వచ్చునని యెంత నమ్మకమో ఆ గడిలో అన్ని రాళ్లు పెట్టు’మనిరి. మృగశిరలో ఆఱు, ఆర్ద్రలో మూడు, పునర్వసులో ఒకటి పెట్టిన రైతు, తనకు తెలియకయే గణితశాస్త్రజ్ఞుడు కోరిన పట్టికను నింపినవాడగుచున్నాడు. ఏ యంత్రమును లేని ఈ పది రాళ్లను నేను ఈ శాస్త్రములోని మేలైన పరికరములలో నొకటిగా గణింతును. ఏలయన అడుగువాడు తన భాషను విడిచి, చెప్పువాని కాలగణనములోనికి దిగివచ్చినాడు.

ఈ దిగివచ్చుట యెంత యరుదో చెప్పుటకు ఒక లెక్క చాలును. 2010లో జోసెఫ్ హెన్రిక్ మొదలగువారు ప్రకటించిన పరిశీలన ప్రకారము, ప్రధాన మనోవిజ్ఞానపత్రికలలో వచ్చిన ప్రయోగముల ప్రయోజ్యులలో నూటికి 96 మంది, ప్రపంచ జనాభాలో 12 శాతమునకు మాత్రమే నెలవైన సంపన్న పాశ్చాత్యదేశములవారు. వారిలోను కళాశాల విద్యార్థులే యధికులు. మానవస్వభావమని మనము చదువుకొనునది చాలవఱకు వారి స్వభావము. దీనికి ప్రతిగా మన ప్రాంతము ఇచ్చిన మంచి యుదాహరణము హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో జరిగిన పరిశోధనము. సువర్ణ అల్లాడి గారును సహచరులును 648 మంది మతిమఱపు వ్యాధిగ్రస్తులను పరిశీలించి, రెండుభాషలు వాడుకగా మాటలాడువారికి ఆ వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా వచ్చుచున్నట్లు 2013లో ప్రకటించిరి. చదువురానివారిలో సైతము ఆ భేదము కనబడుట విశేషము. తెలుగును ఉర్దూను పుట్టుకతో కలిపి మాటలాడు జనము గల నేలపై గాక, ఒక భాషకే పరిమితమైన నగరములలో ఇట్టి పరిశోధన ఎట్లు పొసగును? అచట రెండుభాషలవారన్నచో వలసవచ్చినవారో విద్యాధికులో యగుదురు. భేదము భాషవలననా, వలసవలననా, చదువువలననా తేల్చుట దుర్ఘటము.

ఇట్టిచోటనే జిల్లానుండి వచ్చిన విద్యార్థిని ప్రయోగశాలకు అప్పుపడక, దానికే అప్పు పెట్టగలదు. బొమ్మ జూపి పేరు చెప్పించు పరీక్షలో జవాబుల పట్టికయందు సొరకాయ యని యుండును. మిర్యాలగూడ పిల్ల ఆనిగెపుకాయ యనును. మొక్కజొన్న యని యున్నచోట మక్క యనును. పట్టికను అక్షరాల నమ్మిన నగరపు శిక్షణార్థి రెండింటికి సున్న వేయును. మన బాలిక చేయెత్తి యొక్కమాట చెప్పినచో ఆ పరీక్ష చక్కబడును. అట్టి మాట చెప్పుటకు మొదట కొంత జంకు కలుగును. ఆంగ్లమున చర్చలు సాగు గదిలో జిల్లా కళాశాలనుండి వచ్చిన పిల్లకు నోరు పెగలుట కష్టము. తెలిసిన ఆచార్యులు దీనిని గుర్తించి, సమావేశమున నందఱికంటె క్రొత్తవారిచేతనే ముందు మాటలాడింతురు.

చేరుట యెట్లను ప్రశ్నకు సూటిగా చెప్పవలసినది కొంత కలదు. బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగరాజులలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఏటేటా ఇచ్చు వేసవి పరిశోధనా ఫెలోషిప్పు రెండుమాసములకు భత్యము నిచ్చును. దానికి వేసవికి చాల ముందుగానే దరఖాస్తు పెట్టవలెను. అది దొరకనివారు ఆచార్యులకు నేరుగా లేఖలు వ్రాసికొనవలసినదే. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములోను, ట్రిపుల్ ఐటీలోను బుద్ధిప్రక్రియలను పరిశోధించువారున్నారు. ఆచార్యుని పత్రమొకటి నిజముగా చదివి, దానిలో తనకు బోధపడనిదేదో అడిగిన లేఖకు జవాబు వచ్చుట కలదు. నూఱుమందికి ఒకే నకలు పంపినవానికి రాదు. చాలచోట్ల భత్యముండదు. రెండునెలలు హాస్టలు అద్దె, భోజనము చేతినుండి పెట్టుకొనగలవారికే అనుభవము దక్కుట అన్యాయమని నేను స్పష్టముగా చెప్పుదును; వేసవిలో కూలికి పోయి ఫీజు కూడబెట్టుకొను పాలమూరు పిల్లవానికి జీతములేని శిక్షణ శిక్షణ గాదు, శిక్ష. 2007లో నల్లగొండయందు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, 2008లో మహబూబ్‌నగరునందు పాలమూరు విశ్వవిద్యాలయము వెలసినవి గదా. ఈ ప్రయోగములలో పెక్కింటికి గడియారము, కాగితము, ఒక నిశ్శబ్దమైన గది చాలునన్నప్పుడు, పట్నమునకు బోవకయే వేసవి గడుపు నేర్పాటు చేయుట అంత దుస్సాధ్యమా?

చేయుటకు పనియు కొఱవడదు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతముల భూగర్భజలములలోని ఫ్లోరైడు తరతరముల ఎముకలను వంచినది. దానిని నీటినుండి తొలగించుటకు నాగపూరులోని నీరీ సంస్థవారు పటిక, సున్నములతో రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతట ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు. ఒక జిల్లాకు దక్కిన కీర్తులలో ఇంత దుఃఖకరమైనది వేఱొకటి యుండబోదు. ఎముకలకు చేసిన హాని కంటికి కనబడునది. పిల్లల బుద్ధివికాసమునకును హాని చేసినదా? 2012లో ఇరువదియేడు పరిశోధనలను కలిపిచూచిన యొక సమీక్ష, ఫ్లోరైడు అధికముగా నున్న ప్రాంతముల పిల్లలకు బుద్ధిపరీక్షలలో సగటున తక్కువ మార్కులు వచ్చినట్లు చెప్పినది. వానిలో హెచ్చుభాగము చైనాదేశమున జరిగినవి, పెక్కింటిలో లోపములున్నవి. ఫ్లోరైడు నీరు త్రాగు నూళ్లే పేదయూళ్లు. అచటనే బడి యధ్వాన్నము, తిండి తక్కువ. మార్కు తగ్గుట నీటివలననా, లేమివలననా?

వీనికంటె సూక్ష్మమైన చిక్కు వేఱొకటి యున్నది. పరీక్షించువానికి ఏ పిల్ల ఏ నీరు త్రాగినదో తెలియరాదు. తెలిసినచో రోసెంతాల్ ఎలుకల కథ పునరావృతమగును. కాని ఫ్లోరైడు సోకిన పిల్ల నోరు తెఱవగనే పండ్లపై గారలు కనబడును. దాచుటకు వీలులేదు. అప్పుడు ప్రశ్న లడుగువారొకరు, జవాబులను పిల్ల ముఖము చూడక కాగితముపైనే చదివి మార్కులు వేయువారొకరుగా పనిని విడదీయవలెను. ప్రశ్నలను రికార్డు చేసిన గొంతుతో వినిపింపవలెను. గారలు లేని యూళ్ల పిల్లలను, అంతే లేమి గలవారిని, సరితూగునట్లు ఎన్నుకొనవలెను. ఇది యొక వేసవిలో ముగియు పని గాదు. అయినను ఆ ప్రశ్నపత్రమును మునుగోడు పిల్లలకు తెలిసిన తెలుగులోనికి మార్చి, మార్చిన మాటలు వారికి బోధపడుచున్నవో లేవో రెండు మూడు బడులలో సరిచూచి, సరిపడని వానిని కొట్టివేసి, ఆ పట్టికను ఆచార్యుని బల్లపై బెట్టుట రెండుమాసములలో నొక విద్యార్థిని చేయగలిగిన పనియే.